బాగలేదని చెప్పడం నేర్పాను

ఆ సెక్రటరీని నేను ఇప్పటికీ క్షమించలేదు. ఈ మాట మొదటే చెప్పడం మంచిది. చివర్లో నా మనసు కరుగుతుందేమో, ఇద్దరం చేతులు కలుపుకుని నవ్వుకుంటామేమో అని ఎదురుచూసేవాళ్ల సమయం నేనెందుకు పాడుచేయాలి?

అనంతపురం అంచున ఒక ఆడపిల్లల హోమ్ ఉంది. కన్నవాళ్లు పోయిన పిల్లలు, ఉన్నా సాకలేక వదిలేసిన పిల్లలు అక్కడ పెరుగుతారు. ఊళ్లో పెద్దమనుషులు కమిటీగా ఏర్పడి దాన్ని నడుపుతారు. ఆ కమిటీకి సెక్రటరీ ఒక బట్టల వ్యాపారి. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, నుదుట బొట్టు, పెదాల మీద ఎప్పుడూ ఆరని నవ్వు. పిల్లలకు చిరిగిన బట్టలు కట్టనిచ్చేవాడు కాదు, అది ఒప్పుకోవాలి. షాపులో అమ్ముడుపోని గౌన్లన్నీ అక్కడికే వచ్చేవి. నేను ఎమ్మే చదివాను. ఒక ప్రైవేటు కాలేజీలో కొన్నేళ్లు పాఠాలు చెప్పి, ప్రిన్సిపాల్‌తో పడక బయటికొచ్చాను. సాయంత్రాలు ఆ హోమ్‌లో పిల్లలకు ఇంగ్లీషూ లెక్కలూ చెప్పడానికి వెళ్లేదాన్ని.

ఆ పిల్లను మొదట చూసింది అక్కడే. పదేళ్లుంటాయి. రాయదుర్గం దగ్గరి పల్లె. తల్లి జీన్సు ప్యాంట్లు కుట్టే షెడ్డులో పనిచేస్తూ జబ్బుచేసి పోయింది. తండ్రి కట్టడం పనికని బెంగళూరు వెళ్లి మళ్లీ మొహం చూపలేదు. అవ్వ కొన్నాళ్లు చూసి, తన వల్ల కాక తెచ్చి ఇక్కడ వదిలింది. పుట్టుకతోనే పిల్ల కాళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. మోకాళ్లు వంగి ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి, మడమలు నేలకు ఆనవు. గోడ పట్టుకుంటే కాసేపు నిలబడుతుంది, మునివేళ్ల మీద నాలుగడుగులు వేస్తుంది, ఆ తరువాత కూలబడి పాకుతుంది. లెక్కల్లో మాత్రం ఆమెను మించిన పిల్ల అక్కడ లేదు.

ఒకసారి హోమ్‌కు పిల్లలందర్నీ చూడడానికి వచ్చిన ఎముకల డాక్టరు ఆ కాళ్లు పట్టి చూసి, ఆయా ముందరా నా ముందరా స్పష్టంగా చెప్పాడు. "ఎదిగే వయసమ్మా ఇది. ఇప్పుడే కాలిపర్లు కట్టి, రోజూ కాళ్లు సాగదీయించి నడిపిస్తే వాకర్ పట్టుకుని తిరుగుతుంది. ఆలస్యం చేస్తే మోకాళ్లు వంగింది వంగినట్టే గట్టిపడతాయి. ఆ తరువాత ఎవరేం చేసినా లాభం లేదు."

కాలిపర్లంటే కాలికి రెండు పక్కలా కట్టే ఇనుప చట్రాలు. పిల్ల ఎదిగేకొద్దీ మళ్లీ మళ్లీ కొలతలు తీసి చేయించాలి. అవి కావాలన్నా, రోజూ వ్యాయామం చేయించే చోటికి పంపాలన్నా ముందు వైకల్యం నలభై శాతం ఉందని సర్టిఫికెట్ కావాలి. దానికోసం సర్కారు డాక్టర్లు చూసి శాతం తేల్చే సదరం శిబిరానికి వెళ్లాలి. సరే, వెళ్దామన్నాను. సెక్రటరీ కూడా అప్పుడు అడ్డు చెప్పలేదు. ఆయాను తోడిచ్చి ఆటో ఎక్కించాడు.

శిబిరంలో జనం కిటకిట. మా వంతు వచ్చి లోపలికి వెళ్లేసరికి డాక్టరు తలెత్తి పిల్లను చూశాడు. అంతే, నా చంకలో ఉన్నది జారి కిందికి దిగి, బల్ల అంచు పట్టుకుని, పళ్లు బిగబట్టి చేతనైనంత నిటారుగా నిలబడింది. "గుడ్ మార్నింగ్ సార్!"

డాక్టరు నవ్వాడు. "నిలబడతావే! నీ పనులు నువ్వే చేసుకుంటావా పాపా?"

"చేసుకుంటా సార్."

"నడిచేటప్పుడు ఇబ్బందేమైనా ఉందా?"

"ఏ ఇబ్బందీ లేదు సార్. అన్నీ బాగున్నాయి సార్. ఏ లోటూ లేదు సార్."

నేను నోరు తెరిచేలోపే ఇంకో రెండు ప్రశ్నలయ్యాయి, వాటికీ ఇదే జవాబు. నేను అడ్డం పడి చెప్పబోతే, "మీరాగండమ్మా, పాపనే చెప్పనీండి" అన్నాడు డాక్టరు. ఆయన తప్పేమీ లేదు. ప్రతి తల్లీ తండ్రీ ఉన్నదానికంటే ఎక్కువ చెప్పే చోట, లేదు లేదని చెప్పే పిల్లను ఆయన అంతకుముందు చూసి ఉండడు. నలభైకి తక్కువే వచ్చింది.

ఆ జవాబు ఎక్కడిదో హోమ్‌కు వెళ్లివచ్చేవాళ్లందరికీ తెలుసు. ఏ ఆఫీసరు తనిఖీకి వచ్చినా పిల్లలందరూ లేచి నిలబడాలి, గుడ్ మార్నింగ్ చెప్పాలి, ఏమడిగినా అన్నీ బాగున్నాయనాలి. సెక్రటరీ స్వయంగా హాల్లో నిలబడి తానే ఆఫీసరు వేషం వేసి చెప్పించేవాడు. "భోజనం ఎట్లుండాది?" అంటే "బాగుంది సార్!" "నీళ్లొస్తాండాయా?" "వస్తున్నాయి సార్!" ట్యాంకరు రాక పిల్లలు రెండు రోజులు స్నానం లేకుండా ఉన్న వారంలో కూడా ఈ పాఠం ఆగలేదు.

తిరిగొస్తూ ఆటోలో అడిగాను. "ఎందుకే అట్ల చెప్పినావు?"

"ఆ సార్ గూడా ఆఫీసరే గదా మేడం."

"ఆయన డాక్టరే. నొప్పి ఉండాదని చెప్పేదానికే తీస్కపోయినా."

పిల్ల ఆయా వైపు ఒకసారి చూసింది. తరువాత గొంతు తగ్గించి అంది. "ముందర ఒకక్క ఉన్నింది మేడం. పప్పులో పురుగులొస్తాండాయని తనిఖీకి వచ్చిన మేడంకు చెప్పేసింది. ఆ యక్కను పంపిచ్చేసినారు."

"యాడికి?"

"తెలీదు. సంచి సర్దిచ్చి పంపిచ్చినారు. నాకైతే పోయేదానికి యాడా లేదు గదా."

పక్కన ఆయా కొంగుతో మొహం తుడుచుకుంటూ బయటికి చూసింది. అబద్ధమని అనలేదు.

మళ్లీ పరీక్ష చేయమని అర్జీ పెట్టుకోవచ్చని తెలుసుకున్నాను. గార్డియన్ సంతకం కావాలి. తల్లిదండ్రులు లేని పిల్లకు కాగితాల మీద గార్డియన్ హోమ్, అంటే సెక్రటరీ. అర్జీ రాసుకుని ఆయన షాపుకే వెళ్లాను. మధ్యాహ్నం, గిరాకీ ఉంది. తెల్ల పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"రాండి మేడం, కూర్చోండి. టీ చెప్పేదా?"

"టీ వద్దన్నా. సంతకం కావల్ల."

చదివాడు. నవ్వు చెదరలేదు గానీ కళ్లు చిన్నవయ్యాయి. "పాపకు చానా ఇబ్బంది ఉండాదని రాసినారే. మా హోమ్‌లోనా ఇబ్బంది?"

"హోమ్‌లో కాదన్నా. కాళ్లల్లో."

"నీవు చదువుకున్నదానివి, నీకు చెప్పల్లనా? ఇబ్బంది ఉండాదని నేనే సంతకం పెడితే, ఇన్నాళ్లు నువ్వేం జేస్తాంటివని నన్నడగరా? జిల్లాలో ఏ లోటూ లేని హోమ్ అంటే మాదే. ఆ పాపను ఎత్తుకోని తిప్పుతాండారు, అన్నం కాడికి తీస్కపోతాండారు. ఇంగేం కావల్ల? దేవుడిచ్చిన కాళ్లు అవి. మనమేం జేస్తాం చెప్పు."

"నీ కూతురి పండ్లు ఎగుడుదిగుడుగా ఉండాయని బెంగళూరుకు తీస్కపోయి తీగలు కట్టిచ్చినావే. అవి యెవరిచ్చిన పండ్లన్నా?"

షాపులో గుడ్డ కొలుస్తున్న కుర్రాళ్ల చేతులు ఆగిపోయాయి. చీరలు చూస్తున్న ఆడవాళ్లు ఇటు తిరిగారు. సెక్రటరీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చాడు. అప్పటికీ నవ్వుతూనే ఉన్నాడు.

"నోరు జాస్తి నీకు. అందుకే యాడా నిలబడలేకపోయినావు. సాయంత్రం పూట వచ్చి నాలుగక్షరాలు చెప్పి పో. అంతవరకే నీ పని."

నన్నన్న మాట కాదు, నన్నన్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ నవ్వు నన్ను కాల్చింది. రోడ్డు మీదికొచ్చి ఆటో కోసం నిలబడ్డాను, ఎండ మాడ్చేస్తోంది. ఈ మనిషి ఆ నవ్వును నలుగురి ముందర మింగుకోవాలి, అది నేను కళ్లారా చూడాలి అని అక్కడే తీర్మానించుకున్నాను. పిల్ల కాళ్ల కోసమా, నా కసి కోసమా అని తరువాత ఒక బంధువు అడిగింది. రెండూ ఒకే దారిలో పోతున్నప్పుడు రెండు బళ్లు ఎందుకు కట్టాలి?

మరుసటి సాయంత్రం నుంచి ఆ పిల్లను ఇంగ్లీషు అయిపోయాక కూర్చోబెట్టుకునేదాన్ని. నాకు బాగా వచ్చిన విద్య ఫిర్యాదు చేయడం ఒక్కటే. అదే నేర్పాను.

"ఈడ నీకు బాగలేనిది ఒకటి చెప్పు."

"అన్నీ బాగున్నాయి మేడం."

"ఒకటి చెప్పేదాంక ఇడవను."

చాలాసేపు కాలి వేళ్లు లాక్కుంటూ కూర్చుంది. చివరికి, "నువ్వు గట్టిగా మాట్లాడతావు మేడం. చెవులు నొస్తాయి" అంది.

మొదటి పాఠం అలా నా మీదనే పడింది. పడనీ అనుకున్నాను. రెండో రోజు ఉప్మాలో రాళ్లు. మూడో రోజు పక్క మంచం పిల్ల నిద్రలో తంతుంది. రోజురోజుకీ పిల్ల గొంతు పెరిగింది. నేను తెచ్చిన జామకాయ పచ్చిదనీ, నేను గీసిన త్రిభుజం వంకరదనీ, పదైదు నిమిషాలు ఆలస్యంగా వచ్చాననీ తిట్టిపోసేది. ఆయా నవ్వింది. "ఏం మేడం, దీన్ని ఇంకో నీ మాదిరి జేస్తాండావే!"

"జేస్తే తప్పా?"

"ఒకర్ని భరిచ్చేదే కష్టంగా ఉండాది."

నవ్వులాటగా సాగుతున్నప్పుడే ఒక రోజు పిల్ల మామూలుగా ఒక మాట అంది. పొద్దు వాలేముందు నుంచే తాను నీళ్లు తాగదట. బాత్రూములు పెరటి వైపు మెట్లు దిగితే ఉన్నాయి. చీకటి పడ్డాక ఆయాను లేపాలి, లేపితే విసుక్కుంటుంది. అందుకని తాగడం మానేసింది. మే నెల, అనంతపురం ఎండ. పెదాలు పగిలి పొలుసులు లేస్తే ఎండకేననుకున్నాం అందరం.

"ఇది ఫిర్యాదేనా మేడం?" అని అడిగింది.

"ఇదే ఫిర్యాదంటే" అన్నాను. "ఇప్పుడు నన్నొకటి అడుగు. చెప్తే పంపిచ్చేస్తారా అని నీకు భయం కదా?"

తలూపింది.

"పంపరని నేను ఒట్టేయలేను. పంపాలని చూస్తే గేటుకాడ పండుకుంటా. అంత మాత్రం చేస్తా. చెప్పేదీ మానేదీ నీ ఇష్టం."

ఆలోచించుకుంటానంది. నేనూ మళ్లీ అడగలేదు.

తనిఖీ వస్తోందని గోడలకు సున్నం కొట్టడం మొదలైతేనే మాకు తెలిసేది. ఆ సారి చలి మొదలయ్యాక వచ్చింది జిల్లాకు కొత్తగా వచ్చిన ఆఫీసరు, కాటన్ చీర కట్టుకున్న చిన్న వయసు ఆడమనిషి. హాల్లో పిల్లలు వరసగా నిలబడ్డారు. మా పిల్లను మాత్రం వెనక వరసలో గోడకు ఆనించి కూర్చోబెట్టి, కాళ్ల మీద కొత్త దుప్పటి కప్పారు. ఆఫీసరు పక్కన సెక్రటరీ, కమిటీవాళ్లు, వాళ్ల వెనక నేను.

"అందరూ బాగున్నారా?" అని ఆఫీసరు అడిగింది.

"బాగున్నాం మేడం! ఏ లోటూ లేదు మేడం!" హాలు దద్దరిల్లింది.

ఆఫీసరు తృప్తిగా తలూపి టీ కప్పు అందుకుంటోంది. వెనక వరసలోంచి ఒక చెయ్యి లేచింది.

"నాకు బాగలేదు మేడం."

సెక్రటరీ తిరిగి చూడను కూడా లేదు. నవ్వుతూ ఆఫీసరు వైపు వంగి, "ఆ పాపకు బుద్ధి కొంచెం మందం మేడం. ఏదో ఒకటి అంటాంటుంది" అన్నాడు.

"నాకు బుద్ధి బాగుండాది సార్" అంది పిల్ల. "కాళ్లే బాగలేవు."

దుప్పటి తీసి పక్కకు పడేసింది. ఆఫీసరు కప్పు కింద పెట్టి లేచి వెళ్లి ఆమె పక్కన నేల మీదే కూర్చుంది. పిల్ల ఒక్కొక్కటి చెప్పింది. మోకాళ్లు, మెట్లు, నీళ్లు తాగకపోవడం. తడబడలేదు, ఏడవలేదు. మధ్యలో ఒకసారి నా వైపు చూసింది, నేను కదలలేదు.

"సర్టిఫికెట్ లేదా ఈ పాపకు?" ఆఫీసరు సెక్రటరీని అడిగింది.

"తీస్కపోయినాం మేడం. పాపనే ఏ ఇబ్బందీ లేదని చెప్పింది డాక్టరుకు. ఇంగ మేమేం చేస్తాం?"

"అలా ఎందుకు చెప్పావమ్మా? ఎవరు చెప్పమన్నారు?"

పిల్ల నోరు తెరవకముందే ముందు వరసల్లో నిలబడ్డ పిల్లలంతా, పెద్దవాళ్లు ప్రశ్న వేస్తే ఒక్క గొంతుతో జవాబు చెప్పడం తప్ప మరొకటి తెలియనివాళ్లు, అలవాటుగా అరిచారు. "సెక్రటరీ సార్ మేడం!"

ఆ నవ్వు పోవడం చూశాను. ఒక్కసారిగా పోలేదు. ఒక పక్క పెదవి ముందు జారింది, రెండో పక్క కాసేపు పట్టుకుని వేలాడింది. అంత తియ్యటి దృశ్యం నా జన్మలో చూడలేదు, దాచుకోవడం దేనికి?

మళ్లీ పరీక్షకు పంపమని ఆఫీసరు అక్కడికక్కడే ఆదేశించింది. పిల్లను ఎక్కడికీ మార్చకూడదని కూడా గట్టిగా చెప్పింది. నేను ముందుకొచ్చి ఎంతో వినయంగా అన్నాను. "మేడం, గార్డియన్ పక్కనే ఉంటే మంచిది కదా. పోయినసారి నేను మాట్లాడబోతే నువ్వెవరమ్మా అన్నట్టయింది." ఆఫీసరు సెక్రటరీని చూసి, "అవును, మీరే స్వయంగా తీసుకెళ్లండి" అంది.

శిబిరం రోజు ఆయన తెల్ల బట్టలతోనే వచ్చాడు. నేను పిలవకపోయినా వెళ్లి ఎదురుగా అరుగు మీద కూర్చున్నాను, ఆ పూట ఇంకో పని పెట్టుకోలేదు. ర్యాంపుకు అడ్డంగా మోటారుసైకిళ్లు నిలిపి ఉన్నాయి. మెట్లే దిక్కు. వరసలో ఉన్న ఒక ముసలాయన సెక్రటరీని గదిమాడు. "ఏమప్పా, అట్ల నిలబడుకున్నావే? పాపను ఎత్తుకో, వరస కదుల్తాండాది."

ఎత్తుకున్నాడు. ఎత్తుకోవడం రాక చంకల కింద చేతులు పెట్టి లాగాడు.

"అట్ల కాదు సార్, నొస్తాంది. మోకాళ్ల కింద ఒక చెయ్యి పెట్టు" అంది పిల్ల.

చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఆ ముసలాయన ఊరుకోలేదు. "ఎవురప్పా, నీ కూతురా?" అని అడిగాడు. సెక్రటరీకి బదులు పిల్ల చెప్పింది. "కాదు తాతా. హోమ్ సెక్రటరీ సార్. పోయినసారి రాలేదు, ఈసారి వచ్చినాడు." వరస వరసంతా ఆయన్నే చూసింది. నేనైతే చూపు తిప్పకుండా చివరిదాకా చూశాను.

లోపల పిల్ల లేచి నిలబడలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది, చూపించింది. సర్టిఫికెట్ వచ్చింది, నలభైకి చాలా ఎగువన. కాలిపర్లకు కొలతలు తీశారు, వ్యాయామం మొదలైంది. కమిటీ నా ట్యూషన్ ఆపేసింది. "ఇంగ అవసరం లేదు మేడం" అని గేటు దగ్గరే చెప్పించారు. పోతేపోయింది.

వ్యాయామం చేయించే కేంద్రానికి ఎవరైనా వెళ్లొచ్చు, అక్కడ నన్ను ఆపేవాళ్లు లేరు. ఆయాతో వచ్చే పిల్లను అక్కడే కలుసుకునేదాన్ని. కాళ్లు సాగదీస్తుంటే అరిచే అరుపులకు వ్యాయామం చేయించే అమ్మాయే ఒక్కోసారి చెయ్యి వదిలేసేది. కుడికాలు మెల్లగా దారికొచ్చింది. ఎడమ మోకాలు రాలేదు. ఎంత లాగినా కొంత వంపు నిలిచిపోయింది. "ఇది కొంచెం ముందు మొదలుపెట్టి ఉంటే..." అని ఆ అమ్మాయి అంది, వాక్యం పూర్తిచేయలేదు.

దాన్ని నేను పూర్తిచేస్తాను. ఆయన సంతకం పెట్టకుండా నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చిన నాటికీ తనిఖీ నాటికీ మధ్య వేసవి పోయింది, వానాకాలం పోయింది, చలి వచ్చింది. ఆ మోకాలు ఆ నెలల్లో గట్టిపడింది. హాల్లో జారిన నవ్వూ, శిబిరంలో కారిన చెమటా ఆ వంపుకు సరిపోవు. మనిషి మంచివాడే, బుద్ధి తెచ్చుకున్నాడు, వదిలేయమని నాతో చెప్పినవాళ్లున్నారు. వాళ్లను ఒకసారి ఆ కేంద్రానికి వచ్చి, ఆ కాలు సాగదీసేటప్పుడు పక్కన కూర్చోమన్నాను. ఎవరూ రాలేదు.

అందుకే నేను వదల్లేదు. బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీలు వేయలేదని ఆఫీసరుకు ఒక అర్జీ. ఆయా ఒక్కతే చాలదని ఇంకొకటి. ర్యాంపు లేదని మరొకటి. నా దస్తూరి చూస్తేనే ఆయనకు బీపీ పెరుగుతోందని ఆయా చెప్పింది. పెరగనీ.

పోయిన నెల ర్యాంపు కట్టారు. నన్ను లోపలికి రానివ్వరు కాబట్టి గేటు ఊచల దగ్గర నిలబడి చూశాను. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. తక్కువ చోటులో అయిపోగొట్టాలని నిచ్చెన వేసినట్టు నిట్టనిలువుగా కట్టించాడు. పిల్ల కాలిపర్లతో, వాకర్ పట్టుకుని పైన వాకిట్లో నిలబడి మేస్త్రీ మీద అరుస్తోంది.

"ఏమన్నా, నువ్వు దిగి చూపిస్తావా దీంట్లో? నేను దిగితే గేటు బయట రోడ్డులోకి పోయి పడతా!"

మేస్త్రీ తలగోక్కుంటూ సెక్రటరీ వైపు చూశాడు. సెక్రటరీ గేటు దగ్గరున్న నా వైపు చూశాడు.

"పోనీలే మేడం, ఈసారికి సర్దుకోమని చెప్పు పాపకు. సిమెంటంతా దండుగ."

"నేనెందుకు చెప్తా? ఆ పాపనే అడుగు."

ఆయన వెనక్కి తిరిగాడు. పిల్ల వాకర్‌ను అంగుళం కూడా కదపలేదు. చివరికి పగలగొట్టమన్నట్టు మేస్త్రీకి చెయ్యి ఊపి లోపలికి వెళ్లిపోయాడు.

మేస్త్రీ గడ్డపార అందుకున్నాడు. పిల్ల ఇంకా అక్కడే నిలబడి, కింద మెట్టు దగ్గర నుంచి మొదలుపెట్టి ఎంత దూరం ఏటవాలుగా పోవాలో వేలితో చూపిస్తోంది.